లాంపోన్ వాటా నీళ్లు

కుండ మూతికి సన్నపుల్లలతో అల్లిన గరాటు బిగించారు. చెయ్యి మణికట్టు దాటి అందులోకి దిగుతుంది. ఏ రాయి వదిలాడో పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. ఒక్కో చేతిలో ఒక్కో రాయి ఉంటుంది. తెల్లరాయి పడితే మనవాడు, నల్లరాయి పడితే కాదు. చేతిలో మిగిలిన రాయిని రెండో కుండలో పారేసి పక్కకు తప్పుకోవాలి.

పొద్దుటి నుంచి అదే పని. పౌరులు కానివాళ్లు ఊళ్లలో చేరిపోయారని, ప్రతి ఊరూ తన మనుషుల్ని మళ్లీ జల్లెడ పట్టాలని ఏథెన్స్ నగరం నుంచి ఆజ్ఞ వచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే మనిషి పౌరుడు. ఊరిపెద్ద కోమెయస్ పందిని కోయించి, ఆ ముక్కల మీద అందర్నీ నిలబెట్టి ఒట్టు వేయించాడు. ఇష్టంతో కాదు, కోపంతో కాదు, తెలిసినదాన్ని బట్టే రాయి వేస్తాం, తప్పితే మేమూ మా ఇళ్లూ నాశనమైపోవాలి అని. ఆ తర్వాత ఒక్కొక్క పేరే పిలిచాడు. అందరూ ఆ కొండవాలునే పుట్టి పెరిగినవాళ్లు. పేరు పిలవడం, రాళ్లు పడటం, "మనవాడే" అనడం. మధ్యలో ఎవరో ఆవలించారు కూడా.

ఇప్పుడు పిలిచిన పేరు లాంపోన్.

వరుసలో థేరోన్ వంతు వచ్చింది. లాంపోన్ తల్లి ఎవరో ఊరంతటిలో గట్టిగా తెలిసినవాడు థేరోన్ ఒక్కడే. లాంపోన్ తండ్రి లెమ్నోస్ దీవిలో భూమి ఇస్తారంటే పెళ్లాన్ని తీసుకుని వెళ్లాడు. ఆమె పక్క ఊరి పిల్ల, ఆమె వైపువాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. లాంపోన్ అక్కడే పుట్టాడు, ఆమె అక్కడే పోయింది. బిడ్డ చెయ్యి పట్టుకుని తండ్రి ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ ఏడు, పిల్లల్ని సంఘంలో చేర్చుకునే సోదరసంఘాల పండగనాడు మేకను బలిపీఠం మీద పెట్టి, పీఠం మీద చెయ్యి వేసి, వీడు నా కొడుకు, ఏథెన్స్ వాడి కూతుర్ని చేసుకుంటే నాకు పుట్టినవాడు అని ఒట్టేశాడు. అభ్యంతరం ఉన్నవాడు లేచి మేకను పీఠం మీంచి లాగేయవచ్చు. ఎవరూ లాగలేదు. థేరోన్ అప్పుడు పిల్లవాడు. తండ్రి ఉత్తరీయం కొంగు పట్టుకుని నిలబడి అంతా చూశాడు. చనిపోయినామెను తలుచుకుని థేరోన్ తల్లి ఇంటికొచ్చి ఏడ్చింది. పెళ్లికి ముందు ఇద్దరూ ఒకే ఊటలో నీళ్లు ముంచుకున్నవాళ్లు.

ఇవన్నీ తెలిసిన థేరోన్, గరాటు దగ్గరకొచ్చేసరికి చేతులు మార్చాడు.

నల్లరాయి కుండలో పడింది. మిగతా రాళ్లు పడ్డప్పటి చప్పుడే వచ్చింది.

కారణం అంటూ ఉంటే అది కమ్మరి ద్రోమోన్ కొలిమి దగ్గర పుట్టింది. చలికాలం మగవాళ్లంతా వేడికోసం అక్కడ చేరతారు. లాంపోన్ బొగ్గులు అమ్ముకోవడానికి నగరం వెళ్లి, స్తంభాల వసారాల్లో కూర్చుని న్యాయం గురించీ ఆత్మ గురించీ వాదించుకునేవాళ్ల మాటలు విని వచ్చేవాడు. ఖాళీ గంపలో అవి వేసుకొచ్చి కొలిమి దగ్గర పోసేవాడు.

"థేరోన్, న్యాయమైన మనిషంటే ఎవడ్రా?" అన్నాడు ఒకసారి.

"ఎవడేంది. పక్కోడి సరిహద్దు రాయి జరపనోడు."

"ఎందుకు జరపడు?"

"పక్కోడికి కుక్కుంటది గనక," అన్నాడు థేరోన్, నలుగురినీ నవ్విద్దామని.

"కుక్క చస్తే జరుపుతాడా?"

థేరోన్ బొగ్గులు ఎగదోశాడు. నిప్పు వైపు చూశాడు. లాంపోన్ వదల్లేదు.

"అట్లయితే న్యాయం ఉన్నది నీలో కాదురా, కుక్కలో. ఈసారి ఊరిపెద్దని ఎన్నుకునేటప్పుడు దాన్నే నిలబెడదాం."

కొలిమి దగ్గర నవ్వులు ఆగలేదు. ద్రోమోన్ సుత్తి కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ చలికాలమంతా థేరోన్ దారిలో కనబడితే ఎవడో ఒకడు భౌ అనేవాడు. ద్రాక్షల కాలం వచ్చాక తొక్కేచోట బావమరిదీ భౌ అన్నాడు. చివరికి పిల్లలు కూడా. లాంపోన్ ఆ సంగతి మర్నాడే మరిచిపోయాడు. థేరోన్ మరవలేదు.

ఒక్కరాయి. అందరూ తెల్లరాళ్లే వేస్తారు కదా. లెక్క పెట్టేటప్పుడు వాటి మధ్య ఒక్క నల్లరాయి కనబడాలి. ఎవడు వేశాడా అని లాంపోన్ ముఖం కాసేపు మాడాలి. థేరోన్ కోరుకున్నది అంతే.

కోమెయస్ కుండను బల్ల మీద బోర్లించాడు.

బల్ల సగానికి పైగా నల్లబడింది.

ఎవరూ కేక వేయలేదు. ఎవరి కాళ్ల వైపు వాళ్లు చూసుకున్నారు. ద్రోమోన్ వంగి, ఊడని చెప్పు పట్టీని మళ్లీ కట్టుకున్నాడు. "లెక్క తప్పిందేమో, ఇంకోసారి చూడు కోమెయస్," అన్నాడు లాంపోన్ నెమ్మదిగా. మళ్లీ చూశారు. తప్పలేదు.

ఇక లాంపోన్ ఊరివాడు కాదు. ఒప్పుకుంటే పరదేశిగా బతకొచ్చు, కానీ పరదేశికి భూమి ఉండకూడదు. ఒప్పుకోకపోతే నగరంలో న్యాయస్థానానికి వెళ్లొచ్చు. అక్కడ కూడా ఓడితే బానిసగా అమ్మేస్తారు. ఇది ఎవరూ వివరించనక్కర్లేదు, అక్కడున్న అందరికీ తెలుసు.

థేరోన్ ఇంటికి వెళితే భార్య ఫిలిన్న గుమ్మంలోనే ఎదురైంది. ఊట దగ్గర అప్పటికే విన్నది.

"ఎవరివయ్యా అంత పాపిష్టి చేతులు? లాంపోన్ వాళ్ల అమ్మాయికి జ్వరమొస్తే నేను పోయి కూర్చున్నా. ఆ ఇంట్లో ఉప్పు తిన్నాం. వాళ్లెవరో తెలిస్తే మొహాన ఉమ్మేద్దును."

థేరోన్ బార్లీ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మంచినీళ్లు తాగాడు.

"మీరు ఇంతమందుండి ఏం చేశారు?" అంది ఆమె.

"రాళ్లు వేశాం," అన్నాడు.

రెండురోజులు పోయాక లాంపోన్ వచ్చాడు. ఇంటి వెనక థేరోన్ తేనెటీగల మట్టిగూళ్లు చూసుకుంటున్నాడు. ఒక గూడు బయటికి బాగానే ఉంది, ఈగలు వచ్చి పోతూనే ఉన్నాయి. మూత తీస్తే పట్టంతా పురుగు తొలిచేసి బూజులాంటి దారాలు వేలాడుతున్నాయి. లాంపోన్ దూరంగానే ఆగిపోయాడు.

"కుడతాయా?"

"కుట్టవులే. రా."

లాంపోన్ గడ్డం మాసిపోయి ఉంది. ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు ఉండే ముఖం అది. ఇవాళ అందులో ఏమీ లేదు.

"కొండ అవతలికి పోయొచ్చా. మన సోదరసంఘంలో ముసలోళ్లని అడిగా. ఒకాయనకి చూపు పోయింది, ఇంకొకాయనకి మతి పోయింది. లాంపోనా, ఏ లాంపోను అంటాడు. మా నాయన ఒట్టేసింది కళ్లారా చూసినోడివి నువ్వొక్కడివే మిగిలావు."

థేరోన్ చేతిలో పురుగు పట్టిన తేనెపట్టు ముక్క ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నువ్వొస్తానంటే కోర్టుకి పోతా. రానంటే ఇప్పుడే చెప్పు. పెళ్లాం పిల్లల్ని తీసుకుని రేవుకి పోయి మూటలు మోసుకుంటా. నువ్వు లేకుండా పోయి ఓడితే సంతలో నిలబెడతారు. పళ్లు చూసి ధర కడతారు."

"వస్తా," అన్నాడు థేరోన్. ముందు ఆ మనిషి అక్కణ్ణించి వెళ్లిపోతే చాలనిపించి, వెంటనే అనేశాడు.

లాంపోన్ అతని కుడిచెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. వెళ్లకుండా, అలవాటు చొప్పున మొదలుపెట్టాడు.

"ఆ రాళ్లేసినోళ్ల మీద నాకు కోపం లేదురా. ఒంటి మీద దెబ్బ పడితే కనబడతది, కట్టు కడతాం. అన్యాయం చేసినోడికి దెబ్బ ఆత్మ మీద పడతది. అది వాడికే కనబడదు. నాకంటే వాళ్లే ఎక్కువ నష్టపోయారు. పాపం, వాళ్ల మీద జాలే నాకు." పోబోతూ వెనక్కి తిరిగి అన్నాడు. "పగలు అట్లా అనుకుంటా. పడుకుంటే మాత్రం పిల్లల పళ్లు చూస్తున్నట్టుంటది."

అతను వెళ్లాక థేరోన్ ఆ గూడును కాలబెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కున్నాక కూడా చెయ్యి పరాయిదానిలా పక్కన వేలాడింది. చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ లాంపోన్ జాలిపడతానన్నాడు. తిడతానని అని ఉంటే చెప్పేవాడేమో.

సాక్ష్యం సంగతి ఊళ్లో పాకింది. కొలిమి దగ్గరికి రమ్మని కోమెయస్ కబురుపెట్టాడు. అక్కడ ద్రోమోన్, మరికొందరు ఉన్నారు. ఎవరూ నవ్వుకోవడం లేదు.

"పోతున్నావంటగా," అన్నాడు కోమెయస్.

"పోతున్నా."

"పో. వద్దనడానికి నేనెవర్ని. చిన్నప్పుడు చూసింది చెప్పుకో. రాళ్ల సంగతి మాత్రం ఎత్తకు. పంది ముక్కల మీద నిలబడి ఊరంతా ఒట్టేశాం. ఊరి మాటే నేను కోర్టులో చెప్పాలి. అది అబద్ధం ఒట్టని పైకొస్తే మన మొహాలు ఎక్కడ పెట్టుకుంటాం? పంటలేమవుతాయి?"

ఆ మాటతో ద్రోమోన్ భోరుమన్నాడు.

"నేనొక్కడినే అనుకున్నా కోమెయస్! జియుస్ దేవుడి మీద ఒట్టు. ఇనుము సాగదీసే పని నాకు తెలుసుగానీ నన్ను నేను సాగదీసుకోవడం తెలీదన్నాడు లాంపోన్, నా కొలిమి దగ్గరే కూర్చుని. ఒక్క నల్లరాయి పడితే ఏం పోద్దిలే అనుకున్నా."

"నేనూ అంతే," అన్నాడు ఒకడు గొంతు తగ్గించి. "గాడిదను అడిగితే ఇవ్వలా."

"వాడి అంజూర చెట్టు నీడ నా కూరమళ్ల మీద పడతది," అన్నాడు ఇంకొకడు. చెప్పాక ఆ మాట వాడికే వినబడినట్టుంది, తల దించేశాడు.

ఒక్కొక్కడూ ఒక్కరాయే వేశాడు. ఒక్కొక్కడూ మిగతావాళ్లు మంచివాళ్లని నమ్మే వేశాడు. థేరోన్ గోడకు ఆనుకుని వింటున్నాడు. తన వంతు వచ్చిందని తెలుస్తోంది. నోరు తెరిచేలోపు ద్రోమోన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వొక్కడివే మనిషివిరా థేరోన్. కుక్క కుక్క అని నిన్ను అంత ఏడిపించాం. నువ్వు అది మనసులో పెట్టుకోకుండా తెల్లరాయి వేశావు, సాక్ష్యానికీ పోతున్నావు. మాకు ఆ బుద్ధి లేకపోయింది."

అందరూ అతని వైపు చూశారు. గౌరవంగా చూశారు. థేరోన్ ఆ ఊళ్లో పుట్టినప్పటినుంచి ఎవరూ అట్లా చూడలేదు. అతను ఏమీ అనలేదు. అనకపోవడం వాళ్లకు ఇంకా పెద్దరికంగా కనబడింది. ఇంటిదారి పట్టాక కొలిమి కనబడనంత దూరం వచ్చి, ద్రోమోన్ చెయ్యి పడ్డ భుజాన్ని గోడకేసి రుద్దుకున్నాడు.

కోర్టు రోజున అంతా కలిసే నగరానికి నడిచారు. చెయ్యాల్సింది చాలా తక్కువ. థేరోన్ చూసింది ముందే రాయించారు, గుమాస్తా చదువుతాడు, సాక్షి మెట్టెక్కి తలూపితే చాలు. ఆ కాస్త తలూపడం కోసమే లాంపోన్ దారిపొడుగునా అతని పక్కనే నడిచాడు. దాహం వేస్తుందా, నీడన నిలబడదామా అని అడుగుతూ వచ్చాడు.

తీర్పు చెప్పేవాళ్లు బల్లల మీద కిక్కిరిసి ఉన్నారు. ముందు ఊరి తరఫున కోమెయస్ మాట్లాడాడు. పైకుండలోంచి కిందికుండలోకి నీళ్లు సన్నగా కారుతుంటే ఆ నీళ్లున్నంతసేపే ఎవరైనా మాట్లాడాలి. కోమెయస్‌కు ఒకటే మాట, దాన్నే తిప్పి తిప్పి చెప్పాడు.

"అయ్యలారా, ఇతనితో మాకు పగలేదు. కలిసి తిన్నాం, కలిసి యుద్ధానికి పోయాం. అట్లాంటి మనిషిని ఊరు ఊరంతా ఒట్టేసి కాదందంటే ఏదో తెలిసే కదా? ఇంతమంది ఒకేసారి దేవుళ్లకి అబద్ధం చెబుతారా?"

బల్లల మీద తలలు ఊగాయి. నిజమే కదా అని గొణుక్కున్నారు. తలలూపుతున్నవాళ్లలో థేరోన్ వయసువాళ్లు ఉన్నారు, అట్లాంటి చేతులున్న రైతులు ఉన్నారు.

తర్వాత లాంపోన్ లేచాడు. అతని కుండలో నీళ్లు పోసి చిల్లు తెరిచారు. కొలిమి దగ్గర అంత సులువుగా దొర్లిన మాటలు ఇక్కడ రాలేదు. ఒక ప్రశ్న వేసి జవాబు కోసం ఆగాడు. అక్కడ జవాబిచ్చేవాడు ఎవడూ లేడు. నీళ్లు మాత్రం కారిపోయాయి. "గట్టిగా చెప్పవయ్యా," అని వెనక బల్లనుంచి ఎవరో అరిచారు. కంగారుపడి తండ్రి పేరు రెండుసార్లు చెప్పి, సాక్షిని పిలిచాడు.

సాక్ష్యం చదివేటప్పుడు చిల్లుకు మైనం పెట్టి నీళ్లు ఆపుతారు. ఆపారు. గుమాస్తా చదివాడు. థేరోన్ తలూపాడు.

"అప్పుడు నువ్వు పాలు తాగుతున్నావా, మానేశావా?" అన్నాడు ముందు బల్లమీది ముసలాయన. కోర్టంతా నవ్వింది. అంతే. ఒక చిన్నపిల్లాడి జ్ఞాపకం. ఊరి ఒట్టు ముందు అది పిడికెడు ఊక కూడా కాలేదు. థేరోన్‌కు ఆ సంగతి తెలిసింది. లాంపోన్‌కూ తెలిసింది.

"దిగు," అన్నాడు గుమాస్తా.

థేరోన్ దిగలేదు.

"ఇంకోటుంది."

"రాయించింది అయిపోయింది. దిగవయ్యా."

"చెప్పాలి."

"సాక్షికి నీళ్లుండవు. మాట్లాడాలంటే ఇతని నీళ్లలోంచి పోవాల్సిందే."

అందరూ కుండ వైపు చూశారు. అడుగున కాసిని ఉన్నాయి. ఆ కాసినిలోనే లాంపోన్ తన ఇల్లూ పొలమూ పిల్లల్నీ కాపాడుకునే ఆఖరి మాట చెప్పుకోవాలి. లాంపోన్ కుండ వైపు చూశాడు, థేరోన్ వైపు చూశాడు. తల్లి గురించి ఏదో గుర్తొచ్చిందనుకున్నాడు కాబోలు, ముఖం ఒక్కసారిగా తేటపడింది.

"తియ్యండి మైనం. వాడు చెప్పనీ," అన్నాడు.

నీళ్లు కారడం మొదలైంది. థేరోన్‌కు ఆ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"నేను ఇతనికి నల్లరాయి వేశా," అన్నాడు. "వీళ్ల అమ్మ ఎవరో నాకు తెలుసు. తెలిసే వేశా. ఒట్టేసిన కాలి తడి ఆరకముందే వేశా."

కోమెయస్ లేచి నిలబడ్డాడు. బల్లల మీద గోల మొదలైంది.

"ఎందుకు వేశావు?" ముందు బల్లమీది ముసలాయనే అడిగాడు.

"నన్ను చూసి నవ్వాడు."

"ఏమని?"

థేరోన్ చెప్పాడు. సరిహద్దు రాయీ, కుక్కా, కొలిమీ అన్నీ చెప్పాడు. కోర్టు మళ్లీ నవ్వింది, ఇందాకటికంటే ఎక్కువ. అతను ఆ నవ్వులో నిలబడ్డాడు. నవ్వు దానంతట అదే సన్నబడి ఆగిపోయింది. బల్లల మీద కొందరు ఒకరి ముఖం ఒకరు చూడటం మానేశారు.

"మిగతా చేతులు ఎవరికి వాళ్లవే. నా చెయ్యి మాత్రం కోపంతో వేసింది. ఇది ఊరి ఒట్టని కోమెయస్ అన్నాడు. నా వరకు ఆ ఒట్టు అబద్ధం."

కుండలో చివరి చుక్కలు పడ్డాయి. లాంపోన్ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అతనికి ఇక చెప్పడానికి నీళ్లు లేవు. ఉన్నా చెప్పేవాడు కాడేమో. థేరోన్ వైపు మాత్రం చూడలేదు.

తీర్పు చెప్పేవాళ్లు లేచి రాళ్లు వేశారు. లాంపోన్ గెలిచాడు.

బయట ఊరివాళ్లు లాంపోన్ చుట్టూ చేరారు. ద్రోమోన్ అతని మోకాళ్లు పట్టుకుని ఏడ్చి, తన రాయి సంగతి కూడా చెప్పుకున్నాడు. ఇంకొకరిద్దరు చెప్పుకున్నారు. వాళ్లను లేవనెత్తి లాంపోన్ సరే సరే అన్నాడు. కోమెయస్ ఎవరితోనూ మాట్లాడకుండా ముందే వెళ్లిపోయాడు. థేరోన్ దూరంగా ఒక గోడ నీడలో నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవడం మందులాంటిదని, చేదుగా దిగి లోపల కడిగేస్తుందని లాంపోన్ ఎప్పుడో చెప్పాడు. చేదు దిగింది. కడిగినట్టు మాత్రం లేదు.

తిరుగుదారిలో పొద్దు వాలేవేళ, ఆలివ్ తోటల దగ్గర లాంపోన్ ఆగి అతని కోసం నిలబడ్డాడు. మిగతావాళ్లు ముందుకు నడిచిపోయారు.

"ద్రోమోన్ చెప్పినప్పుడు నాకేం అనిపించలా," అన్నాడు. "మీ ఇంటికొచ్చి నీ చెయ్యి పట్టుకున్నా."

"ఆ."

"వాళ్ల మీద జాలన్నా. నువ్వు వింటూ నిలబడ్డావు."

"ఆ."

"నీ మీద కూడా జాలిపడదామనే చూస్తున్నా, ఇందాకటి నుంచి. నువ్వు నా పిల్లల్ని కాపాడావు, అది నాకు తెలుసు. అయినా జాలి రావడం లేదురా."

"వద్దులే," అన్నాడు థేరోన్. "తిట్టు."

లాంపోన్ తిట్టలేదు. ఏదో అడగబోయినట్టు పెదవి కదిలింది గానీ అడగలేదు. ముందుకు తిరిగి నడిచాడు. అతను మలుపు తిరిగేదాకా థేరోన్ అక్కడే ఆగాడు.

ఇల్లు చేరేసరికి ఫిలిన్న ముఖం వెలిగిపోతోంది. గెలిచిన కబురు ముందే వచ్చింది, ఎట్లా గెలిచాడో ఇంకా రాలేదు. వేడి రొట్టె, ఉల్లిపాయ, తేనె ముందు పెట్టింది. కాళ్లకు నీళ్లిచ్చింది.

"నువ్వు ఏదో గట్టిగా మాట్లాడావంట. దానివల్లే గెలిచాడంట. ఏం మాట్లాడావయ్యా?"

రేపు ఊట దగ్గర ఎవరో ఒకరు చెబుతారు. అంతదాకా ఈ రొట్టె తినొచ్చు, ఈ ముఖం చూడొచ్చు. థేరోన్ చెంబు కింద పెట్టాడు.

"కూర్చో," అన్నాడు.

చెప్పాడు. కోర్టులో చెప్పినదానికంటే తక్కువ మాటల్లో అయిపోయింది. అక్కడ అందరూ అరిచారు, ఇక్కడ ఆమె అరవలేదు. ఉమ్మనూ లేదు. అతని ముఖం వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. ఆ తర్వాత లేచి, ముసుగు తల మీదికి లాక్కుని, లాంపోన్ భార్య దగ్గరికి వెళ్లింది. పోతూ తలుపు దగ్గరికి వేసింది, చప్పుడు కాకుండా.

థేరోన్ రొట్టె ముందు కూర్చున్నాడు. ఆమె వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు.